బిజినెస్ రూల్స్ డేటాబేస్‌లోనా, ఫైల్‌లోనా: ఏది మేలు?

పత్తి సీజన్ దగ్గర పడితే మా టీమ్‌లో ఏటా ఇదే పంచాయితీ: ధర ఎంత, కోత ఎంత లాంటి లెక్కల నియమాలను (బిజినెస్ రూల్స్) ఎక్కడ పెట్టాలి? వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకు కాంటా (తూకం), పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) సాఫ్ట్‌వేర్ చేస్తాం. జావా అప్లికేషన్, దాన్ని నడిపే వైల్డ్‌ఫ్లై సర్వర్, రెండు నోడ్లు (అదే అప్లికేషన్ నడిచే రెండు సర్వర్లు).

మద్దతు ధర లెక్కే తీసుకుందాం. 2024-25లో పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ 8 శాతం దాకా పూర్తి ధర. ఆపైన పెరిగే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే 75.21 కోత. 12 దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనదు. 2025-26లో ధర 8,110 అయింది, కోత 81.10కి పెరిగింది. అంకె మారింది గానీ లెక్క కట్టే తీరు మారలేదు.

ధరను కోడ్‌లోనే రాసేయడం గురించి చెప్పడానికేం లేదు. ఒక్క అంకె కోసం మళ్లీ బిల్డ్, మళ్లీ డిప్లాయ్.

డేటాబేస్‌లో పెడితే మిల్లు అకౌంటెంట్ స్క్రీన్ మీదే ధర మార్చుకుంటాడు, మనకు ఫోన్ రాదు. డేటాతో పాటే బ్యాకప్ కూడా అయిపోతుంది. కానీ మొదటి ఏడాది మేము ఉన్న వరుస మీదే అప్‌డేట్ కొట్టాం. తర్వాత ఒక మిల్లు నుంచి ఫోన్: "అన్నా, పోయినేడు పట్టీ మళ్ల తీస్తే ఈ ఏడు రేటొస్తోంది!" ధరకు ఎప్పటినుంచి, ఎప్పటిదాకా అనే రెండు తేదీ కాలమ్‌లు అప్పుడు పెట్టాం. ఇప్పుడు పాత వరుసను ఎవరూ ముట్టరు, కొత్తది చేరుస్తారంతే.

రెండో తలనొప్పి క్యాష్. జావాను డేటాబేస్‌తో కలిపే హైబర్నేట్‌లో సెకండ్ లెవెల్ క్యాష్ (ఒకసారి చదివిన డేటాను మెమరీలో దాచుకునేది) పెట్టుకుంటే, ఎవరైనా నేరుగా ఎస్‌క్యూఎల్‌తో ధర మార్చిన సంగతి దానికి తెలియదు. పాత ధర ఉన్న నోడ్ పాతదే చెబుతుంది. రెండు కాంటాలకు రెండు రేట్లు వస్తే రైతు ఊరుకుంటాడా? మార్పు ఏదైనా అప్లికేషన్ ద్వారానే జరగాలి.

కొందరు ఇంకో అడుగు వేసి, డ్రూల్స్ (జావాలో రూల్స్ నడిపే ఇంజిన్) రూల్ మొత్తాన్నీ టెక్స్ట్‌గా డేటాబేస్ టేబుల్‌లో దాస్తారు. నాకిది అస్సలు నచ్చదు. రూల్‌లో తప్పుంటే బిల్డ్‌లో దొరకదు, లోడ్ అయ్యేటప్పుడు సర్వర్‌లో పేలుతుంది. ఎవరు ఏ లైన్ మార్చారో పోల్చి చూసే దారి కూడా ఉండదు. డ్రూల్స్ వాళ్లే మొదట గవ్నర్ అనే తమ రూల్స్ నిర్వహణ టూల్‌లో రూల్స్‌ను జాక్‌రాబిట్ అనే కంటెంట్ రిపాజిటరీలో దాచి, ఆరో వెర్షన్‌కు వచ్చేసరికి గిట్‌కు (ఫైళ్లలో ఎవరు ఏం మార్చారో దాచి ఉంచే టూల్) మారారు.

ఫైల్ పద్ధతిలో రూల్ గిట్‌లో ఉంటుంది, రివ్యూ అవుతుంది, టెస్ట్ అవుతుంది. జార్‌గా (జావా ప్యాకేజీ ఫైల్) మావెన్ రిపాజిటరీలో (అలాంటి ప్యాకేజీలు దాచే చోటు) పెడితే డ్రూల్స్‌లోని కీ-స్కానర్ కొత్త వెర్షన్‌ను చూసుకుని, సర్వర్ ఆపకుండానే ఎక్కిస్తుంది. అకౌంటెంట్ మాత్రం దాన్ని ముట్టలేడు, దీపావళి రాత్రయినా మనమే లేవాలి. రూల్స్‌ను వరుసలుగా రాసుకునే ఎక్సెల్ డిసిషన్ టేబుల్ ఇస్తే సేట్లకు నచ్చుతుంది గానీ, ఎవరో రెండు సెల్స్ కలిపేస్తే ఇక మనకు టెన్షనే.

మేము చూసేది ఒక్కటే: దాన్ని మార్చేది ఎవరు? ఏటా మిల్లువాళ్లు మార్చే ధర, దాని తేదీలు టేబుల్‌లో. మేము తప్ప ఎవరూ మార్చకూడని కోత లెక్క గిట్‌లో. ఇంత చిన్న లెక్కకు డ్రూల్స్ కూడా అనవసరం, ఒక జావా క్లాస్ చాలు.

8, 12 అనే హద్దులూ అంకెలే కదా, టేబుల్‌లోకి పంపుదామని మావాళ్లు ఇంకా అంటూనే ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. స్క్రీన్ మీద ఎవరైనా 12ను 21గా కొడితే, తడి పత్తికీ పట్టీ వచ్చేస్తుంది.