గిమ్మెల్‌వాల్డ్: కాపలా లేని కొట్టు, కింద లోయలో ఇంగువ జరిమానా

స్విట్జర్లాండ్ నుంచి వచ్చి నెలైనా మావారి కడుపుమంట చల్లారలేదు. అంతా 80 ఫ్రాంకుల గురించే, మన లెక్కలో ఎనిమిది వేల పైమాటే.

లౌటర్‌బ్రునెన్ లోయలో మూడు రాత్రులకి ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, రాత్రికి 165 ఫ్రాంకులు. వంటగది ఉందనే అంత పెట్టాం. అత్తయ్య పప్పుకి ఇంగువ పోపు వేసింది, అంతే. ఖాళీ చేసే రోజు యజమానురాలు ముక్కు ఎగబీల్చి, కర్టెన్లు ఉతికించాలంటూ డిపాజిట్‌లో 80 కోసేసింది. వండకూడదని ఎక్కడ రాశారని అడిగితే, "వాసన" అన్న ఒక్క మాటే జవాబు. ముందే మెసేజ్‌లో అడిగి, జవాబు దాచుకోండి. స్టౌబాఖ్ జలపాతం కిటికీలోంచే కనిపించేది గానీ, ఆ పూట ఎవరూ దానివైపు చూడలేదు.

స్టెకెల్‌బెర్గ్‌లో కేబుల్ కారెక్కి గిమ్మెల్‌వాల్డ్‌లో దిగేదాకా ముగ్గురం మాట్లాడుకోలేదు. 1,360 మీటర్ల ఎత్తులో కొండవాలుకి అతుక్కున్న ఊరది, కార్లు రావు. ఎండకి నల్లబడ్డ చెక్క ఇళ్లు, గోడల వారన ఇటుకల్లా పేర్చిన కట్టెలు, తొట్టిలోకి పడుతూనే ఉండే తాగునీళ్లు. ఆవుల మెడ గంటలు తప్ప చప్పుడు లేదు. మేం దిగిన గదికి పొద్దున్న బ్రెడ్డు, చీజ్ కలిపి ముగ్గురికీ 195 ఫ్రాంకులు. నేల కిర్రుమంటుంది, బాత్రూమ్ బయట. అయినా మళ్లీ అక్కడే దిగుతాను.

నిలబడితే జారిపోయేంత వాలులో ఒకావిడ కొడవలితో గడ్డి కోస్తోంది, పొడవాటి పిడితో, వంగకుండా. చలికాలం ఆవులు కొట్టంలోనే ఉంటాయి, అప్పటికి ఇప్పుడే దాచుకోవాలి. అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. "రోజుకెన్ని లీటర్లు ఇస్తుందో అడగవే!" అంది. ఆవిడ రెండు చేతుల వేళ్లూ రెండుసార్లు చూపించింది. "ఇరవయ్యా! వెన్నలో మాత్రం మన గేదె ముందు దిగదుడుపే" అని అత్తయ్య తీర్పు.

ఆ ఊళ్లో మనిషి లేని కొట్టొకటి ఉంది. కావాల్సింది తీసుకుని డబ్బులు మనమే పెట్టి రావాలి. ఆరు గుడ్లు 4.80, చీజ్ ముక్క 7.50, మొత్తం 12.30 ఫ్రాంకులు. మా దగ్గరేమో 20 నోటే. (చిల్లర తీసుకెళ్లండి.) "మిగతాది తీసుకోరా" అంది అత్తయ్య. డబ్బాలో చెయ్యి పెట్టడానికి మావారికి ధైర్యం చాల్లేదు. నోటు వేసేసి, పొద్దున్నే వెళ్లి ఇంకో 7.50 చీజ్ ముక్క తెచ్చుకున్నారు.

ఆయన లెక్క ప్రకారం ఆ కొట్టు మాకింకా 20 రాప్పెన్‌లు, అంటే 0.20 ఫ్రాంకు, బాకీ.