వరిగడ్డి: ఇథనాల్‌కా, గ్యాస్‌కా, మళ్లీ మట్టికా? ఏది మేలు?

యాసంగి కోతలై హార్వెస్టర్ అటు వెళ్లగానే మడిలో మిగిలేది గడ్డీ కొయ్యకాళ్లే. అగ్గిపుల్ల గీస్తే అరగంటలో పని అయిపోతుంది, అందుకే వద్దన్నా కాలుస్తున్నాం. "గడ్డితో ఇథనాల్ తీస్తున్నారట, అమ్ముకుంటే పోలా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. సరే, లెక్క చూద్దాం.

మన దేశంలో గడ్డి ఇథనాల్‌కి పెద్ద ఉదాహరణ హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ ప్లాంట్. 2022 ఆగస్టులో జాతికి అంకితం చేశారు, ఖర్చు 900 కోట్ల పైనే. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్ అన్నది లక్ష్యం, అంటే టన్నుకు 150 లీటర్లు. అదే టన్ను నూకలైతే 400 లీటర్లు దాటుతుంది! నూకల్లో ఉన్నది పిండి, ఇట్టే చక్కెరగా మారుతుంది. గడ్డిలోని చక్కెరేమో సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ రూపంలో లిగ్నిన్ అనే గట్టి పదార్థంతో పెనవేసుకుని ఉంటుంది కాబట్టి ముందు దాన్ని వేడితో, రసాయనాలతో మెత్తబరచాలి, ఆ తర్వాత ఖరీదైన ఎంజైములు పోయాలి, తీరా చక్కెర వచ్చాక అందులో జైలోజ్ అనే రకాన్ని, చక్కెరను ఇథనాల్‌గా మార్చే మామూలు ఈస్ట్ ముట్టుకోదు. అమెరికాలో డ్యూపాంట్ అంతటి కంపెనీయే మొక్కజొన్న చొప్పతో 2015లో ప్లాంట్ తెరిచి 2017లో చేతులెత్తేసింది.

ఇక గ్యాస్, అంటే గడ్డిని గాలి తగలకుండా కుళ్లబెట్టి తీసే బయోగ్యాస్. పంజాబ్‌లోని లెహ్రాగాగాలో వెర్బియో అనే జర్మన్ కంపెనీ ప్లాంట్ ఉంది. ఏడాదికి లక్ష టన్నుల గడ్డి, రోజుకు 33 టన్నుల శుద్ధి చేసి కుదించిన బయోగ్యాస్ దాని సామర్థ్యం, అంటే టన్ను గడ్డికి సుమారు 110 కిలోలు. వాహనానికి అందే శక్తి ప్రకారం చూస్తే అది 160 లీటర్ల పెట్రోల్‌కి దగ్గర. పానిపట్ లెక్కన 150 లీటర్ల ఇథనాల్ మాత్రం 100 లీటర్ల పెట్రోల్‌కే సమానం, లీటర్‌కి శక్తి తక్కువ కదా. ఇవన్నీ కాగితం మీది సామర్థ్యాలే, నడిచేటప్పుడు తగ్గొచ్చు, అయినా తేడా చిన్నది కాదు. ఇథనాల్‌కున్న సుఖం ఒకటే: నేరుగా పెట్రోల్‌లో కలిపేయొచ్చు, గ్యాస్‌కి వేరే పంపు కావాలి.

నాకు అసలు పట్టింపు పొలానికి తిరిగొచ్చేది ఏంటన్నది. టన్ను గడ్డిలో 5 కిలోల పైచిలుకు నత్రజని, దాదాపు 25 కిలోల పొటాష్ ఉంటాయి. గ్యాస్ తీశాక మిగిలిన ముద్ద ఎరువే. ఇథనాల్ ప్లాంట్‌లో మిగిలే లిగ్నిన్‌ని ఎక్కువగా బాయిలర్‌లోనే మండిస్తారు.

కలియదున్నితే అంతా మన మడిలోనే ఉంటుంది, రవాణా గోల లేదు. కాకపోతే ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, తడిపెట్టి, రెండు మూడు వారాలు ఆగాలి. కాలువ నీళ్లొచ్చాయని వెంటనే నాటేసేవాళ్లకి కుదరదు, సగం కుళ్లిన గడ్డిలో నాట్లు పసుపు రంగుకి తిరుగుతాయి.

కాబట్టి నన్నడిగితే, ఇంట్లో పశువులుంటే ముందు వాటికి. వ్యవధి ఉంటే దున్నేయండి. లేకపోతే బేలర్‌తో కట్టలు కట్టించి దగ్గర్లో గ్యాస్ ప్లాంట్ ఉంటే దానికివ్వండి. ఇథనాల్ నాకు ఆఖరి మాట. గ్యాస్ వాళ్లతో బేరం చేసేటప్పుడు మాత్రం టన్ను ధర ఒక్కటే కాదు, ఎరువు ఎంత తిరిగిస్తారో, దాని రవాణా ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి.