సీజన్ ఆగిపోతే: పూర్తి రద్దా, విరామమా?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఈ రెండూ చూసింది. జీతాల పరిమితి మీద యజమానులకూ ఆటగాళ్లకూ పేచీ తెగక 2004-05 సీజన్ ఒక్క మ్యాచ్ కూడా లేకుండా రద్దయింది. 2020 మార్చి 12న కరోనాతో మధ్యలో ఆగిన సీజన్ మాత్రం ఆగస్టు 1న టొరంటో, ఎడ్మంటన్‌లలోని ఖాళీ స్టేడియాల్లో మళ్లీ మొదలైంది.

సీజన్ చివర విజేతను తేల్చే ప్లేఆఫ్స్ సంగతి చూస్తే విరామమే నయం. 2005లో విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎవరికీ దక్కలేదు. 2020లో మామూలుగా ఆడే 16 జట్ల బదులు 24 జట్లను పిలిచారు. పాయింట్ల లెక్కలో చిట్టచివరగా చోటు దక్కించుకున్న మాంట్రియల్, పిట్స్‌బర్గ్‌ను సిరీస్‌లో 3-1తో ఇంటికి పంపింది. అభిమానులకు అంతకంటే ఏం కావాలి!

జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరే అసలు చిక్కు. మామూలుగా అందులో వెనకబడిన జట్లకు ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువ. 2005లో పాయింట్ల పట్టికే లేదు కాబట్టి మొదటి ఎంపిక కోసం 30 జట్లనూ లాటరీలో వేశారు. కొన్నేళ్లుగా వెనకబడిన జట్లకు గరిష్ఠంగా మూడేసి లాటరీ బంతులు. మొత్తం 48 బంతుల్లో మూడే ఉన్న పిట్స్‌బర్గ్‌కు మొదటి ఎంపిక, దాంతో తర్వాత పెద్ద స్టార్ అయిన సిడ్నీ క్రాస్‌బీ దొరికాడు. అదృష్టమే, కానీ అందరికీ ముందే తెలిసిన నియమం.

2020లో 71 మ్యాచ్‌లాడి 39 పాయింట్లే తెచ్చుకున్న డెట్రాయిట్ డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపికకు జారింది. మొదటి ఎంపిక, 24 జట్లను 16కు తగ్గించిన క్వాలిఫైయింగ్ రౌండ్‌లో ఓడిన ఎనిమిది జట్ల మధ్య లాటరీ తీస్తే న్యూయార్క్ రేంజర్స్‌కు వెళ్లింది. వాళ్లు అలెక్సీ లఫ్రెనియేర్ అనే కుర్రాణ్ని తీసుకున్నారు. అన్ని జట్ల కంటే అడుగున ఉన్న డెట్రాయిట్‌కు ఇది నిజంగా అన్యాయం. ప్లేఆఫ్స్ గుమ్మందాకా వచ్చిన జట్టును ఆ లాటరీలోకి రానివ్వకుండా ఉండాల్సింది.