సోలార్ ఇన్వర్టర్ కొనేవాళ్లూ, జాగ్రత్త! స్టిక్కర్ మీది కిలోవాట్లు చూసి డబ్బు కట్టకండి

మేం కొన్న సోలార్ ఇన్వర్టర్ మీద 5 కిలోవాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. పొద్దున పూట బాగానే నడిచేది. ప్యానెళ్ల నుంచి దండిగా కరెంటు రావాల్సిన మిట్టమధ్యాహ్నం మాత్రం అవుట్‌పుట్ పడిపోయేది. అమ్మినవాళ్లను అడిగితే ప్యానెళ్ల మీద దుమ్ము పట్టిందన్నారు. కడిగించినా అదే తంతు. చివరికి ఓ రోజు పూర్తిగా ఆగిపోయింది.

మెకానిక్ మూత విప్పితే అసలు సంగతి బయటపడింది. కరెంటును కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్ల తలలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఒకదాని పైన గోధుమరంగు ద్రవం కారి గట్టిపడింది. వేడిని బయటికి లాగాల్సిన హీట్‌సింక్ పలచటి రేకులా ఉంది, ఫ్యాన్ తిరగడమే లేదు.

ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చడానికి లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్‌లు (ఐజీబీటీలు లేదా మాస్‌ఫెట్‌లు) సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ అవుతుంటాయి. అప్పుడు కొంత కరెంటు వేడిగా పోతుంది. 5 కిలోవాట్లలో 3 శాతం పోయినా 150 వాట్లు! ఆ వేడి బయటికి పోకపోతే ముందు దెబ్బతినేవాటిలో లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

ఇన్వర్టర్ సాంకేతిక వివరాలుండే డేటాషీట్‌లో చిన్న అక్షరాల్లో రాశారు, 5 కిలోవాట్లు చుట్టూ గాలి 25 డిగ్రీలు ఉన్నప్పుడేనట. అంతకు మించి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ఇన్వర్టర్ పవర్ తగ్గించుకుంటుంది. దీన్నే డీరేటింగ్ అంటారు. ఇది లోపం కాదు, మంచి ఇన్వర్టర్లలోనూ ఉంటుంది. కానీ వాటిలో చాలావరకు 40, 45 డిగ్రీల దాకా పూర్తి పవర్ ఇస్తాయి. ఆ తేడా కొనేవాళ్లకు చెప్పకుండా అమ్మడం అన్యాయం. పైగా వారంటీ అడిగితే "వేడి ఎక్కువున్న చోట పెట్టారు కాబట్టి వర్తించదు" అన్నారు.

కాబట్టి ఎన్ని డిగ్రీల దగ్గర ఎంత పవర్ ఇస్తుందో చూపే డీరేటింగ్ గ్రాఫ్ ఇవ్వమని ముందే అడగండి. ఇవ్వనంటే ఆ సరుకు ముట్టుకోవద్దు. ఎన్ని డిగ్రీల దాకా వారంటీ వర్తిస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఫ్యాన్ విడిగా మార్చుకునే వీలుందో లేదో కూడా చూడండి.

ఇప్పటికే కొన్నవాళ్లు మబ్బులేని రోజు ఇన్వర్టర్ యాప్‌లో ఆ రోజు పవర్ గ్రాఫ్ చూడండి. మధ్యాహ్నం గీత గుంటలా దిగిందంటే లోపాలు నమోదయ్యే ఎర్రర్ లాగ్ తెరవండి. లైన్ వోల్టేజీ ఎక్కువైనా అలాగే దిగొచ్చు. కానీ లాగ్‌లో టెంపరేచర్ అని ఉంటే స్క్రీన్‌షాట్ తీసి, వారంటీ ఉండగానే కంప్లెయింట్ పెట్టండి.