క్వారంటైన్ ట్యాంకు: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా. చేపకి జబ్బు చేశాక తీసి వేరే ట్యాంకులో వేసి మందు పోద్దాం, దాని కోసమే క్వారంటైన్ ట్యాంకు కొందాం అనుకుంటే, అది మీరు అనుకున్నంత ఉపయోగపడదు. షాపు నుంచి తెచ్చిన కొత్త చేపని నాలుగు వారాలు విడిగా ఉంచి, ఏ జబ్బు మోసుకొచ్చిందో చూడ్డానికి మాత్రం అది లేకుండా ఇంకో చేప కొనొద్దంటాను. చాలామంది మొదటి పని కోసం కొని, రెండో పనికి వాడకుండా బాల్కనీలో బూజు పట్టించేస్తారు.

నాది 18×12×12 అంగుళాల మామూలు గాజు ట్యాంకు. కంకర లేదు, మొక్కలు లేవు. ఒక స్పాంజ్ ఫిల్టరు, చిన్న ఎయిర్ పంపు, 50 వాట్ల హీటరు, విడిగా ఒక థర్మామీటరు, చేప దాక్కోవడానికి ప్లంబరు వదిలేసి వెళ్లిన పీవీసీ పైపు ముక్కలు. చూడ్డానికి అస్సలు బాగోదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇదేంటి, ఖాళీగా ఉంది?" అని అడుగుతారు, ఎందుకంటే లోపలి చేప ఎప్పుడూ పైపులోనే ఉంటుంది. మృగశిర కార్తెకు కొర్రమీనుతో మందు మింగడానికి క్యూ కట్టే ఊరు మనది, ఇక్కడ చేపకే మందు వేస్తున్నానంటే నవ్వకుండా ఎవరుంటారు.

ఆ ఖాళీ అడుగే దీని అసలు బలం. చేప ఎంత తిన్నది, ఎంత వదిలేసింది, విసర్జన ఏ రంగులో ఉంది అన్నీ గాజు మీద కనిపిస్తాయి. తెల్లగా, పొడుగ్గా దారంలా వేలాడుతుంటే చేప సరిగ్గా తినడం లేదన్నా అయి ఉండాలి, పేగుల్లో ఏదో ఉందన్నా అయి ఉండాలి. కంకరున్న పెద్ద ట్యాంకులో ఈ సంగతి నెలకైనా తెలీదు. కొత్త ఏంజెల్ చేప ఒకటి తెచ్చినప్పుడు, మేత వేయగానే పరుగెత్తుకొచ్చి నోట్లోకి తీసుకుని, రెండు క్షణాలాగి ఉమ్మేయడం ఇందులోనే చూశాను. దూరం నుంచి చూస్తే బాగా తింటున్నట్టే ఉంటుంది. అడుగున చూస్తే వేసిన గింజలు వేసినట్టే ఉన్నాయి. ఒక పక్క మొప్ప ఆడుతోంది, రెండోది దాదాపు మూసుకునే ఉంది. అది పెద్ద ట్యాంకులోకి నేరుగా వెళ్లుంటే ఏమయ్యేదో ఊహించడం కష్టమేం కాదు.

ఇప్పుడు తెల్లమచ్చల జబ్బు, అదే ఇక్. మందులమ్మే ప్రతి షాపు దీని మీదే బతుకుతుంది. పెద్ద ట్యాంకులో ఒక చేప ఒంటి మీద రవ్వ చల్లినట్టు చుక్కలు కనిపించాయనుకోండి. దాన్ని వలతో పట్టి క్వారంటైన్‌లో వేస్తారు, మిగతావి క్షేమం అనుకుంటారు. కానీ ఈ పరాన్నజీవి చేప ఒంటి మీద ఉండేది దాని బతుకులో ఒక భాగమే. బాగా పెరిగాక చేపని వదిలి అడుగుకి రాలిపోతుంది, అక్కడ గూడులాంటి పొర కట్టుకుని లోపల వందల్లో విడిపోతుంది, ఆ పిల్లలు ఈదుకుంటూ వచ్చి మళ్లీ చేపని పట్టుకుంటాయి. మీకు చుక్క కనిపించే సరికే పెద్ద ట్యాంకు అడుగంతా అవి ఉన్నట్టే లెక్క. కాబట్టి ఒక్క చేపని తీసేయడం దండగ. ఒకటి, పెద్ద ట్యాంకుకే వైద్యం చేయాలి. లేదంటే చేపలన్నిటినీ ఇందులోకి మార్చి పెద్దదాన్ని చేప లేకుండా వదిలేయాలి, ఈదే పిల్లలకి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి, అడుగున పొరల్లో ఉన్నవి కూడా విడిపోయి బయటికొచ్చేదాకా ఆగాలి కాబట్టి నేనైతే వెచ్చటి నీళ్లలోనే రెండు వారాలు ఖాళీగా ఉంచుతాను. పది చేపలున్నవాళ్లకి ఈ చిన్న ట్యాంకులో అది కుదిరే పని కాదు.

ఇంకో సంగతి ఇదే తోవలో. మందు పని చేసేది ఆ ఈదే దశ మీద మాత్రమే. ఒంటి మీద చర్మం కింద ఉన్నదాన్ని అది ముట్టుకోలేదు. అందుకే మందు వేసిన మర్నాడు చుక్కలు అలాగే ఉంటాయి, ఒక్కోసారి ఎక్కువ కూడా అవుతాయి. అది చూసి టెన్షన్ పడి డోసు రెట్టింపు చేసేస్తారు, చేప ఇక్‌తో కాకుండా మందుతో చస్తుంది. నీళ్లు 30 డిగ్రీలకి మెల్లగా పెంచితే దాని జీవితచక్రం తొందరగా తిరుగుతుంది, రాలేవి త్వరగా రాలతాయి. చుక్కలు పోయాక కూడా కనీసం ఇంకో వారం ఆపకుండా కొనసాగించాలి. క్వారంటైన్‌లో అయితే ఒక సుఖం, రోజూ సైఫన్ పైపుతో అడుగు ఊడ్చేస్తే రాలినవాటిలో చాలా భాగం బకెట్లోకి వెళ్లిపోతాయి.

డోసు గురించి షాపులో అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే. "ఏం కాదన్నా, ఒక ఢక్కన్ వేస్కోండి." ఎన్ని లీటర్లకన్నా అంటే, "చిన్న ట్యాంకే కదా!" అంటాడు. పైన చెప్పిన కొలతల ట్యాంకు నిండా పోస్తే 42 లీటర్లు, పైన రెండంగుళాలు వదిలితే 35. ఆ తేడాతోనే కొన్ని మందులు గీత దాటిపోతాయి. నేను గాజు మీద బయటి వైపు మార్కర్‌తో 7 సెంటీమీటర్లకొక గీత గీశాను, ఈ కొలతకి ఒక్కో గీతా సుమారు 10 లీటర్లు. మందు మెడికల్ షాపులో దొరికే సిరంజితోనే తీస్తాను, ఢక్కన్‌తో కాదు.

మందులకంటే ముందు నీళ్లు. 35 లీటర్ల నీళ్లలో చేపని చంపేది ఎక్కువసార్లు జబ్బు కాదు, అమ్మోనియా. జబ్బు చేసిన చేప తినదు, మనం జాలిపడి మేత వేస్తాం, అది కుళ్లుతుంది. పైగా మన దగ్గర చాలా బోర్లలో హార్డ్ వాటరే, పీహెచ్ కూడా ఎక్కువ, పీహెచ్ పెరిగేకొద్దీ ఉన్న అమ్మోనియాలో విషపు భాగం పెరుగుతుంది. దీనికి మందు స్పాంజే. నేను పెద్ద ట్యాంకులో వెనక మూలన ఎప్పుడూ ఒక స్పాంజ్ ఫిల్టరు అదనంగా నడుపుతూ ఉంటాను. అవసరం వచ్చినప్పుడు దాన్ని, అందులో పెరిగిన అమ్మోనియాని తినే బ్యాక్టీరియాతో సహా తెచ్చి ఇందులో పెడితే ఆ రోజే ఫిల్టరు సిద్ధం. కొత్త స్పాంజ్ పెట్టి ఫిల్టరు ఉంది కదా అనుకుంటే అది బుడగలు మాత్రమే వేస్తుంది. వైద్యం అయ్యాక ఆ స్పాంజ్‌ని తిరిగి పెద్ద ట్యాంకులోకి తీసుకెళ్లను, పారేస్తాను.

అమ్మోనియా కొలిచే ఏపీఐ కంపెనీ డ్రాప్స్ టెస్ట్ కిట్ ఖరీదే, కానీ ఈ మొత్తం సామానులో డబ్బుకి న్యాయం చేసింది అదే. 5 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు సీసాల నుంచీ ఎనిమిదేసి చుక్కలు వేసి, ఊపి, ఐదు నిమిషాలు ఆగితే పసుపు ఉంటే సరే, ఆకుపచ్చ తిరిగితే వెంటనే నీళ్లు మార్చడమే. నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా పోయొద్దు. బకెట్ నీళ్లు కూడా ట్యాంకు వేడికే ఉండేలా చూసుకోవాలి.

ఉప్పు. నేను ఎక్కువగా వాడేది ఇదే, కిరాణా షాపు రాళ్ల ఉప్పు. లీటరుకి ఒక గ్రాముతో మొదలుపెట్టి, గప్పీలు, మోలీలు, గోల్డ్ ఫిష్ అయితే రెండు మూడు గ్రాముల దాకా రోజు విడిచి రోజు పెంచుతాను. అడుగున తిరిగే కోరిడోరస్, లోచ్ చేపల దగ్గర అంత సాహసం చేయను. ఉప్పు ఆవిరవదు, ఇది గుర్తుంటే సగం గొడవ తప్పుతుంది. ఎండకి తగ్గిన నీళ్లకి మామూలు నీళ్లే పోయాలి, తీసి పారబోసిన నీళ్లకి మాత్రమే మళ్లీ ఉప్పు వేయాలి. 14 లీటర్లు తీశాం, లీటరుకి రెండు గ్రాముల లెక్కన నడుస్తోంది అంటే 28 గ్రాములు, అంతే. వంటింటి త్రాసు చాలు. అమ్మోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే ఇంకో విషం, నైట్రైట్, పెరిగినా ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల్లోంచి లోపలికి పోకుండా చాలావరకు ఆపుతుంది.

మిథిలీన్ బ్లూ మంచి మందే, గుడ్లకి ఫంగస్ పట్టకుండా ఇంకా బాగా పనిచేస్తుంది. కానీ ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియాని కూడా చంపుతుంది, అది వేసినన్నాళ్లూ రోజూ నీళ్లు మార్చాలి. ఇక రంగు సంగతి అడక్కండి. నా ట్యాంకు మూలల్లో తెల్లటి సిలికాన్ ఇప్పటికీ నీలంగానే ఉంది, బాత్‌రూమ్ మగ్గు అంచు కూడా. ఆ మగ్గు విషయంలో మా ఆవిడ ఇంకా క్షమించలేదు.

మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిపిన ఇక్ మందులు పని చేస్తాయి, కాదనను. కానీ గ్లవ్స్ వేసుకుని, కిటికీ తీసి వాడాలి. ఫార్మలిన్ నీళ్లలో ఆక్సిజన్ తగ్గిస్తుంది, కాబట్టి ఎయిర్ స్టోన్ ఫుల్లుగా తిరగాల్సిందే. టెట్రాలకీ, పొలుసుల్లేని చేపలకీ సగం డోసు. ఫిల్టరులో కార్బన్ ఉంటే మందుని అదే పీల్చేస్తుంది, ముందు తీసేయండి. కాపర్ మందులు నేను దగ్గరికి రానివ్వను, మా పెద్ద ట్యాంకులో రొయ్యలున్నాయి.

యాంటీబయాటిక్ మాత్రలు చిదిమి వేసే అలవాటు చాలామందిలో ఉంది, అది నాకు నచ్చదు. జబ్బేంటో తెలీకుండా టెట్రాసైక్లిన్ వేసి, ఆ నీళ్లు డ్రైనేజీలో పోయడం చేపకీ మంచిది కాదు, మనకీ కాదు. ముఖ్యంగా మూతి దగ్గర తెల్లటి పీచు కనిపిస్తే అందరూ ఫంగస్ అనేస్తారు. చాలాసార్లు అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా. ఇక్‌కి చేసినట్టు వేడి పెంచితే ఇది ఇంకా రెచ్చిపోతుంది. ఏది ఏదో తేలేదాకా వేడి ముట్టుకోకుండా నీళ్లు మార్చడం ఒక్కటే నేను చేసేది. పొలుసులు నిక్కబొడుచుకుని పొట్ట ఉబ్బిన చేపకి ఎప్సమ్ సాల్ట్‌తో కొంచెం ఉపశమనం ఉంటుంది, కానీ ఆ దశకి వచ్చినవాటిలో బతికి బయటపడ్డవి తక్కువ. అపార్ట్‌మెంట్ ముందు బాదం చెట్టు ఎండుటాకులు కడిగి వేస్తే ఫైటర్ చేప కొంచెం నెమ్మదిస్తుంది, అంతకు మించి మందు అని చెప్పను.

చేతికి గాటుంటే ఆ నీళ్లలో చెయ్యి పెట్టకండి. మైకోబ్యాక్టీరియమ్ మారినమ్ అని చేపల నుంచి మనిషి చర్మానికి అంటేది ఒకటుంది, నెలల తరబడి మందులు వాడిస్తుంది.

హైదరాబాద్ వాతావరణం సగం ఏడాది నా పక్షం, సగం ఏడాది శత్రువు. మేలో హీటరు ప్లగ్గు పెట్టే పనే లేదు, మధ్యాహ్నానికి ట్యాంకు నీళ్లు 32 దాటుతాయి, ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు మూత తీసి ఫ్యాను పెడితే చాలు. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు ఉన్నట్టుండి చలి పడిపోయినప్పుడే ఇక్ బయటపడుతుంది, ఆ రెండు నెలలూ నేను కొత్త చేపలు కొనను. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తప్పదు, ఇన్వర్టరు ఉన్నవాళ్లు మామూలు ఎయిర్ పంపు ప్లగ్గు ఇన్వర్టరు లైనులోకే మార్చుకోండి.

ఖర్చు విషయానికొస్తే, టెస్ట్ కిట్ పక్కన పెడితే పెద్దగా అవ్వదు, ట్యాంకు సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవచ్చు. ప్లాస్టిక్ టబ్బు కూడా పని చేస్తుంది, కానీ పక్క నుంచి చూడలేం, చూడలేని క్వారంటైన్ ఎందుకు? వాడనప్పుడు బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగి, రెండు మూడు సార్లు శుభ్రంగా తొలిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి పెడతాను. ట్యాంకులో వాడిన వల, సైఫన్ పైపు పెద్దదాంట్లో ముంచను, వాటికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. ఉప్పు కలిపిన పాత నీళ్లు మనీప్లాంట్లకి పోయకండి, మొక్క మాడిపోతుంది.

హీటరు మాత్రం కొత్తదే, మంచిదే కొనండి. నేను మొదట కొన్న చవకది థర్మోస్టాట్ ఇరుక్కుపోయి ఆగకుండా వేడెక్కిస్తూనే ఉంది, నీళ్లు 34కి వెళ్లాయి, దాని డయల్ మాత్రం ఇంకా 28 దగ్గరే ఉంది. విడిగా పెట్టిన థర్మామీటరు చూడబట్టి తెలిసింది. నీళ్లు మార్చేటప్పుడు కూడా ముందు హీటరు ప్లగ్గు తీసేయండి, వేడి గాజు నీళ్ల పైకి తేలితే పగిలిపోతుంది.