మూడు కిలోవాట్ల సౌర విద్యుత్తు: సింగ్‌నగర్ డాబా మీద మూడేళ్ల అనుభవం

విజయవాడ సింగ్‌నగర్‌లోని మా డాబా మీద 2022 ఏప్రిల్‌లో మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించాము. రెండు ఏసీలు, ఫ్రిజ్, గీజర్, ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు ఉన్న ఇంటికి అవి సరిపోతాయా అన్నదే అప్పటి మా సందేహం.

ఏసీ రాత్రి పూట కదా నడిచేది, సూర్యుడు లేనప్పుడు ఎలా అని చాలామంది అడుగుతారు. నెట్ మీటరు ఉన్నచోట ఆ చింత అక్కరలేదు. పగలు మిగిలిన యూనిట్లు లైనులోకి వెళతాయి, రాత్రి మనం వాడినవి లైను నుంచి వస్తాయి, బిల్లులో ఆ రెండింటి తేడాయే లెక్కకు వస్తుంది. మన రాష్ట్రంలో మొదటి 30 యూనిట్ల ధర యూనిట్‌కు 1.90 రూపాయలైతే, 400 దాటిన వాటి ధర 9.75 రూపాయలు కాబట్టి, సోలార్ ముందుగా తగ్గించేది ఖరీదైన పై శ్లాబు యూనిట్లనే. మే నెలలో మేము 450 యూనిట్లు వాడితే ప్యానెళ్లు 340 ఇచ్చాయి. విద్యుత్ ఛార్జీలోనే దాదాపు 2,700 రూపాయలు తగ్గింది. చలికాలంలో ఏసీలు ఆగిపోతాయి కనుక ఆదా వెయ్యి దగ్గరే ఉంటుంది. పెట్టిన 1,80,000 రూపాయలు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుందని నా లెక్క.

మండే ఎండలోనే ఎక్కువ కరెంటు వస్తుందనుకోవడం పొరపాటు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. మా ఇంట్లో రోజుకు 13 యూనిట్లు కనిపించింది రోహిణి కార్తెలో కాదు, మార్చి మొదట్లో. దుమ్ము కూడా గట్టి శత్రువే, పదిహేను రోజులకొకసారి తెల్లవారుజామున నీళ్లతో కడుగుతాము. అన్నిటికంటే బాధ కలిగించింది నీడ. పక్క స్థలంలో మరో అంతస్తు లేచాక, మధ్యాహ్నం మూడు దాటితే రెండు ప్యానెళ్ల మీద పడే నీడ ఆ వరుస మొత్తాన్ని కుంగదీస్తోంది. స్థలం చూసుకునేటప్పుడు ఇరుగుపొరుగు ఇళ్లు ఎంత ఎత్తుకు లేచే వీలుందో కూడా ఆలోచించాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా కింది గది మునిగింది. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ను మెట్ల పైభాగంలో బిగించమని మొదట్లోనే పట్టుబట్టినందువల్ల అది దక్కింది. అయితే సరఫరా నిలిచిపోయిన ఆ రోజుల్లో, ఎండ కాసినా ప్యానెళ్లు మాకు ఒక్క దీపం వెలిగించలేదు. లైను మీద పనిచేసేవారికి ప్రమాదం జరగకుండా, సరఫరా ఆగగానే లైనుకు కలిపిన, బ్యాటరీ లేని ఇలాంటి ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అమ్మినవారు ఈ మాట మాకు ముందుగా చెప్పలేదు, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. కరెంటు కోతలో కూడా ఫ్రిజ్, ఫ్యాన్లు నడవాలనుకునేవారు బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి, దానికి ఖర్చు గణనీయంగా పెరుగుతుంది.

గుంటూరులో ఉండే మా చెల్లెలు, కేంద్రం 2024లో తెచ్చిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తుందని విని నన్ను సలహా అడిగింది. వాళ్ల వాడకం నెలకు 90 యూనిట్లు, ఏసీ లేదు. రాయితీ ఎంత ఉన్నా ఆ బిల్లుకు ప్యానెళ్లు దండగని చెప్పి, 75 వాట్ల పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్లకు తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించమన్నాను. నెలకు 250 యూనిట్లు దాటే, సొంత డాబా ఉన్న ఇంటికి మాత్రం ధైర్యంగా పెట్టించుకోమనే చెబుతాను.