నయాగరా వంతెనలు: బోర్డర్ వెయిట్ టైమ్స్ పేజీని ఎలా చదవాలి

కెనడాలోని మిస్సిసాగా నుంచి అమెరికాలోని బఫెలోలో అక్క వాళ్ళింటికి బయల్దేరే ముందు నేను తప్పకుండా చూసేది, సరిహద్దు దగ్గర ఎంతసేపు ఆగాలో చూపించే అమెరికా కస్టమ్స్ వాళ్ళ బోర్డర్ వెయిట్ టైమ్స్ పేజీ. యాప్ కూడా ఉంది, ఉచితం. నయాగరా వైపు కార్లకు నాలుగు వంతెనలు: పీస్ బ్రిడ్జి, రెయిన్‌బో, విర్ల్‌పూల్, లూయిస్టన్-క్వీన్‌స్టన్. విర్ల్‌పూల్ నెక్సస్ కార్డుల (ముందే వివరాలు పరిశీలించి ఇచ్చే సరిహద్దు కార్డుల) వాళ్ళకే. కార్లో అందరికీ కార్డు ఉండాలి, చంటిపిల్లకైనా సరే. మాకు మిగిలేవి మూడు.

చాలామంది నిమిషాలు మాత్రమే చూసి బండి తిప్పేస్తారు. వాటి పక్కనే ఎన్ని లేన్లు తెరిచారో కూడా ఉంటుంది. ఈ పేజీలో అసలు విలువైనది అదే. ఒక్కో లేన్‌కి ఒక తనిఖీ బూత్ ఉంటుంది, ఒక్కో కారుకు అక్కడ నిమిషం పడుతుందనుకోండి. 5 బూత్‌లుంటే 60 కార్ల వరస 12 నిమిషాల్లో అయిపోతుంది. వాటిలో 2 మూసేస్తే అదే వరసకు 20 నిమిషాలు. అందుకే రెండు వంతెనల దగ్గరా నిమిషాలు సమానమైతే నేను ఎక్కువ లేన్లున్న వైపే వెళ్తాను. అక్కడ ఒక కారు దగ్గర ఆఫీసరు ఎక్కువసేపు ప్రశ్నలడిగినా మిగతా బూత్‌లు నడుస్తూనే ఉంటాయి. రెండే ఉంటే సగం పని ఆగిపోయినట్టే.

అంకెలు గంటకోసారి మారతాయి. జూలై మొదటి వారం లాంటి రద్దీలో అది చాలదు. పీస్ బ్రిడ్జి, లూయిస్టన్ల దగ్గర కార్లలోని బ్లూటూత్ సంకేతాన్ని రెండుచోట్ల పట్టుకుని మధ్యలో పట్టిన సమయం కొలిచే ఏర్పాటు ఉంది, ఆ అంకె తాజాగా ఉంటుంది. క్యూఈడబ్ల్యూ హైవే మీద లూయిస్టన్ వంతెన వైపు వెళ్ళే 405 హైవే మలుపు రాకముందే పక్క సీటువాళ్ళను చూడమనండి. మలుపు దాటాక లూయిస్టన్‌కి వెళ్ళాలంటే చుట్టుతిరుగుడే. తిరుగు ప్రయాణానికి కెనడా వాళ్ళ పేజీ వేరు.

అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. పేజీ చూపించే సమయం మొదటి బూత్ వరకే. ఇండియన్ పాస్‌పోర్టుంటే సాధారణంగా ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదు చేసే రికార్డు) కోసం బండి పక్కన పెట్టించి లోపలికి పంపుతారు. అక్కడి వరస ఈ లెక్కలో లేదు. ఆన్‌లైన్‌లో ముందే దరఖాస్తు చేసి ఫీజు కడితే లోపల పని తగ్గుతుంది, దిగడం మాత్రం తప్పదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు అసలు కష్టం ఆ లోపలి వరసే. దాన్ని కూడా చూపించేదాకా నా రేటింగ్ 5కి 4.